మృత్యువు నీడ పడని సంగీతం: వియన్నాలో మోజార్ట్ చివరి రచనల కచేరీ

మోజార్ట్ చివరి రచనలు అనగానే కచేరీ నిర్వాహకులు చాలామంది, చనిపోయినవారి ఆత్మశాంతి కోసం పాడే, ఆయన మరణంతో అసంపూర్తిగా మిగిలిన రెక్వియెమ్‌ను ముందు పెట్టి, దానికి ఒక కొవ్వొత్తి బొమ్మనూ ఒక విషాద గాథనూ జోడించి టికెట్లు అమ్ముతారు. నవంబరు చివర్లో వియన్నాలోని మ్యూజిక్‌ఫెరైన్ గోల్డెన్ హాల్‌లో నేను విన్న కచేరీ ఆ బాట పట్టలేదు. మోజార్ట్ తన జీవితంలోని ఆఖరి సంవత్సరమైన 1791లో రాసిన సంగీతం మాత్రమే తీసుకొని, రెండు గంటలకు పైగా సాగిన కార్యక్రమంగా కూర్చి, ఆ ఏడాది ఆయన చేతిలో ఎన్ని రకాల పని ఒకేసారి నడిచిందో వినిపించిన కచేరీ ఇది. ఒకటి రెండు చోట్ల దారి తప్పింది, ఒకచోట నాకు కోపం కూడా తెప్పించింది. అయినా ఇదే కూర్పును మళ్లీ ఎక్కడ వాయించినా వెళ్లి వినవలసిందేనని నా అభిప్రాయం.

వాయించినది వియన్నాకు చెందిన ఒక మధ్యతరహా ఆర్కెస్ట్రా. వారితో పాటు ఒక గాయక బృందం, నలుగురు ఏకగాత్ర గాయకులు, ఒక క్లారినెట్ విద్వాంసురాలు పాల్గొన్నారు. మొదటి సగంలో ‘లా క్లెమెన్జా డి టిటో’ ఒపేరా ప్రారంభ సంగీతం, అదే ఒపేరా నుంచి ‘నోన్ ప్యూ డి ఫియోరి’ అనే గానం, ఆ తరువాత క్లారినెట్ కన్చెర్టో (క్లారినెట్ ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి సాగే రచన) వినిపించారు. విరామం తరువాత ‘ఆవే వేరుమ్ కోర్పుస్’ అనే చిన్న ప్రార్థనా గీతం, చివరగా రెక్వియెమ్. పైపైన చూస్తే ఇది ఒక ఏడాది పనిలోంచి ఏరుకున్న పట్టికలా కనిపిస్తుంది. కానీ ఈ ఎంపిక వెనుక ఒక గట్టి ఆలోచన ఉంది. అది ఒక వాద్యం గురించిన ఆలోచన. క్లారినెట్ కుటుంబానికి చెందిన బాసెట్ హార్న్ అనే వాద్యమూ, దాని దగ్గరి బంధువైన బాసెట్ క్లారినెట్టూ ఈ రచనలలో చాలావాటిని ఒకదానితో ఒకటి కలుపుతాయి. ఆ మంద్రస్థాయి నాదం మొదటి సగంలో ఒపేరా నాయిక పక్కన వినిపించి, కన్చెర్టోలో మధ్యకు వచ్చి, రెక్వియెమ్ మొదటి పుటలో మళ్లీ ఎదురవుతుంది. కార్యక్రమం కూర్చినవారికి మోజార్ట్ కథ కంటే మోజార్ట్ చెవి మీద శ్రద్ధ ఎక్కువ ఉందని దీనివల్ల తెలిసింది.

‘టిటో’ ప్రారంభ సంగీతం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రెండవ లియోపోల్డ్ బొహీమియా రాజుగా పట్టాభిషిక్తుడైన సందర్భంలో, 1791 సెప్టెంబరు 6న ప్రాగ్‌లో ఈ ఒపేరాను తొలిసారి ప్రదర్శించారు. పట్టాభిషేకానికి తగిన ఠీవి, ట్రంపెట్ల మెరుపు దీనిలో ఉన్నాయి. ఆర్కెస్ట్రా దీనిని శుభ్రంగా, కొంచెం తొందరగా వాయించింది. కచేరీ మొదట్లో వాద్యాలన్నీ హాలుకు అలవాటు పడేందుకు ఈ అయిదు నిమిషాలు పనికొచ్చాయి.

అసలు కచేరీ దాని తరువాతి గానంతో మొదలైంది. ‘నోన్ ప్యూ డి ఫియోరి’ పాడేది విటెల్లియా అనే పాత్ర. చక్రవర్తిని చంపించడానికి తనను ప్రేమించినవాణ్ణి ఉసిగొల్పి, అతను పట్టుబడి మరణశిక్షకు సిద్ధమైనప్పుడు, తన నేరాన్ని ఒప్పుకోక తప్పదని ఆమె నిశ్చయించుకునే ఘట్టం ఇది. ఇక తన పెళ్లికి పూలమాలలు అల్లడం జరగదని ఆమె తనకు తాను చెప్పుకుంటుంది. ఆమెకు తోడుగా ఆర్కెస్ట్రా మొత్తంలో ఒకే ఒక్క బాసెట్ హార్న్ పలుకుతుంది, కాదు, ఆమెతో వాదిస్తుంది. ఈ గానం స్త్రీ గొంతును బాగా కిందికి, మామూలుగా సొప్రానోలు (పై స్థాయిలో పాడే గాయనులు) వెళ్లని స్వరాల దాకా దింపుతుంది. ఆ రోజు పాడిన గాయని ఆ కింది స్వరాలను బలవంతంగా నొక్కకుండా, మాటలాడినంత సహజంగా వదిలేశారు. బాసెట్ హార్న్ వాయించిన విద్వాంసురాలు ఆమెకు ఎదురుగా నిలబడి, ఆమె ఊపిరిని గమనిస్తూ ప్రతి సంగతికీ జవాబు ఇచ్చారు. నెమ్మదిగా సాగే మొదటి భాగం ముగిసి కాలం పెరిగే చోట ఇద్దరూ ఒకే క్షణంలో తిరిగిన తీరు, మన కచేరీలలో గాయకుడికీ వయొలిన్‌కూ మధ్య కొన్నేళ్ల సహవాసం తరువాత మాత్రమే కుదిరే పొందికను గుర్తుకు తెచ్చింది.

ఆ విద్వాంసురాలే కొద్ది నిమిషాల తరువాత కన్చెర్టో కోసం మరో వాద్యంతో తిరిగి వచ్చారు. దానిని చూడగానే తేడా తెలిసింది. మామూలు క్లారినెట్ కంటే కింది భాగం పొడవుగా ఉంది. మోజార్ట్ ఈ కన్చెర్టోను తన స్నేహితుడు ఆంటోన్ ష్టాడ్లర్ కోసం రాశాడు. ష్టాడ్లర్ వాయించే క్లారినెట్‌కు మామూలు వాద్యం కంటే నాలుగు అర్ధస్వరాలు కిందికి వెళ్లే సౌకర్యం ఉండేది. మోజార్ట్ స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు. ఆయన పోయిన పదేళ్లకు, 1801లో, అచ్చులో వచ్చిన ప్రతిని మామూలు క్లారినెట్‌కు అనువుగా మార్చారు. అందువల్ల కిందికి దిగవలసిన చాలా సంగతులను మధ్యలో విరిచి పై స్థాయికి ఎత్తారు. దాదాపు ఒకటిన్నర శతాబ్దం పాటు ప్రపంచం విన్నది ఆ మార్చిన రూపమే. ఇరవయ్యో శతాబ్దం రెండో సగం నుంచి పొడవాటి వాద్యాన్ని మళ్లీ తయారుచేసి, పోయిన మంద్రస్వరాలను ఊహించి తిరిగి చేర్చడం మొదలైంది. ఈ కచేరీ ఆ పద్ధతినే అనుసరించింది.

దీనివల్ల వినేవారికి కలిగే లాభం పండితులకు మాత్రమే పరిమితమైనది కాదు. మొదటి భాగంలో క్లారినెట్ పైనుంచి కిందికి జారుతూ వచ్చే చోట, మామూలు రూపంలో ఆ జారుడు సగంలో ఆగి అకారణంగా వెనక్కి తిరుగుతుంది. ఇక్కడ అది నేల దాకా దిగింది. ఒకే వాద్యం తనలో తాను ఇద్దరు మనుషులై, పై గొంతుతో అడిగి కింది గొంతుతో జవాబు చెప్పుకునే చోట్లు కూడా ఇప్పుడే అర్థవంతంగా వినిపించాయి. మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపు బ్యాండులో క్లారినెట్ పై స్థాయిలో మోగే తీరే మనలో చాలామందికి పరిచయం. అదే వాద్యానికి ఇంత లోతైన, చెక్క వాసన ఉన్న మంద్రస్థాయి ఉందని ఈ కచేరీ తెలియజేస్తుంది.

నెమ్మదిగా సాగే మధ్యభాగమైన అడాజియో గురించి రాయడం కష్టం. అంత ప్రసిద్ధమైన సంగీతాన్ని వాయించేవారు రెండు రకాలుగా చెడగొట్టవచ్చు. ఒకటి, దానిని వీడ్కోలుగా భావించి కాలాన్ని సాగదీయడం, ప్రతి స్వరం చివరా నిట్టూర్చడం. రెండోది, ఆ భావుకతకు భయపడి పొడిపొడిగా దాటిపోవడం. ఈ విద్వాంసురాలు రెంటికీ దూరంగా ఉన్నారు. నడక చలించకుండా, ఒక్కొక్క వాక్యాన్ని ఒకే ఊపిరిలో ముగించారు. మొదటి రాగభావం తిరిగి వచ్చేటప్పుడు దానిని మొదటి సారి కంటే ఎంతో తగ్గించి, వాద్యం పలుకుతోందా లేదా అన్నంత మెల్లగా వాయించారు. తంత్రీవాద్యాలు కూడా అదే స్థాయికి తగ్గాయి. ఈ రచనలో ఓబోలు, ట్రంపెట్లు, డ్రమ్ములు లేవు. ఫ్లూట్లు, బసూన్లు, హార్న్లు, తంత్రీవాద్యాలు మాత్రమే ఉన్నాయి. కటువైన నాదాలను మోజార్ట్ ముందే పక్కన పెట్టాడు కాబట్టే క్లారినెట్ ఏ పోరాటమూ లేకుండా అంత మెల్లగా పలకగలిగింది. ఆర్కెస్ట్రా ఈ సంగతిని గ్రహించి వాయించిందనడానికి ఆ పునరాగమనమే సాక్ష్యం.

చివరి భాగం, మొదటి వరస పదేపదే తిరిగి వచ్చే రోండో, నిజంగా ఉల్లాసంగా సాగింది. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. 1791 అక్టోబరు మొదటి వారం దాటగానే, భార్య కోన్‌స్టాంజె ఆరోగ్యం కోసం బాడెన్ పట్టణంలో ఉండగా, మోజార్ట్ ఆమెకు ఒక ఉత్తరం రాశాడు. ఒంటరిగా బిలియర్డ్స్ రెండు ఆటలు ఆడానని, తన గుర్రాన్ని అమ్మేశానని, కాఫీ తెప్పించుకొని తాగుతూ మంచి పొగాకు పైపు కాల్చానని, ఆ తరువాత ష్టాడ్లర్ రోండోకు ఆర్కెస్ట్రా భాగాలు దాదాపు అన్నీ రాసేశానని దానిలో ఉంది. ఆ సాయంత్రం మేము విన్న భాగం అదే. చనిపోవడానికి రెండు నెలల ముందు రాసినది కనుక దీనిలో విషాదం వెతకాలని ఎవరైనా అనుకుంటే, ఈ ఉత్తరం వారికి అడ్డు వస్తుంది. పని బాగా సాగుతున్న మనిషి సంతోషం ఈ రోండోలో ఉంది, మధ్యమధ్య వచ్చే మైనర్ (విషాదం ధ్వనించే స్వరక్రమం) ఛాయలతో సహా. వాయించినవారు ఆ సంతోషాన్ని నమ్మారు.

ఒక రచన చివరిది కాబట్టి దానిలో మరణ సూచన వినడం మనకూ అలవాటైన పనే. త్యాగరాజు మోజార్ట్ కంటే పదకొండేళ్లు చిన్నవాడు. మోజార్ట్ పోయేనాటికి ఆయన ఇరవై నాలుగేళ్ల యువకుడు. 1847లో సిద్ధి పొందడానికి ముందు ఆయన రచించిన ‘గిరిపై నెలకొన్న’ అనే శహన రాగ కృతిని మనం ఆయన నిష్క్రమణకు ముందుమాటగా వింటాం. అలా వినడానికి ఆధారం ఆ సాహిత్యంలోనే ఉంది. పది పూటల తరువాత కాపాడతానని రాముడు చెప్పినట్లు చరణంలో వాగ్గేయకారుడే అన్నాడు. మోజార్ట్ కన్చెర్టోకు అలాంటి మాట ఏదీ లేదు. సాహిత్యం లేని సంగీతం మీద మనం మన కథను రుద్దినప్పుడు సంగీతమే నష్టపోతుంది. ఈ తేడా తెలిసిన కర్ణాటక సంగీత శ్రోతకు ఈ కచేరీ మొదటి సగం మరింత బాగా అందుతుందని నా నమ్మకం.

విరామంలో కార్యక్రమ పుస్తకం చదివాను. మొదటి సగంలో కళాకారులు ఎంత జాగ్రత్తగా తప్పించుకున్నారో ఆ కథనంతా పుస్తకం రాసినవారు తిరిగి తెచ్చిపెట్టారు. రెక్వియెమ్ రాయమంటూ బూడిదరంగు దుస్తుల్లో వచ్చిన అపరిచితుడు, తన మరణగీతం తానే రాసుకుంటున్నానన్న భయం, విషప్రయోగపు అనుమానం, ఇవన్నీ రెండు పుటల్లో గాఢంగా వర్ణించారు. విషం పెట్టాడన్న పుకారు మోసిన తోటి స్వరకర్త సాలియేరి పేరు కూడా తెచ్చారు. అక్టోబరు 14 నాటి ఉత్తరంలో మోజార్ట్ తాను సాలియేరిని వెంటబెట్టుకొని తన ఒపేరా ‘మాయా మురళి’ ప్రదర్శనకు వెళ్లానని, ప్రారంభ సంగీతం నుంచి చివరి బృందగానం దాకా ఆయన మెచ్చుకోని భాగం లేదని ఎంతో సంబరంగా రాసుకున్నాడు. పుస్తకంలో ఆ మాట ఒక్కటీ లేదు. రెక్వియెమ్‌ను రాయించుకున్నది ఎవరన్నది రహస్యమేమీ కాదు. ఫ్రాంజ్ ఫోన్ వాల్‌సెగ్ అనే ప్రభువు, 1791 ఫిబ్రవరి 14న చనిపోయిన తన యువ భార్య ఆన్నా స్మృతిలో పాడించడానికి, మధ్యవర్తి ద్వారా గోప్యంగా దీనిని రాయించాడు. ఇతరులు రాసిన సంగీతాన్ని తనదిగా వినిపించుకునే అలవాటు ఆయనకు ఉంది. భార్యను పోగొట్టుకున్న ఆ భర్త కథ దయ్యం కథ కంటే ఎక్కువ మానవీయం. కార్యక్రమ పుస్తకానికి డబ్బు తీసుకున్నప్పుడు దానిలో రాసేదాని మీద కూడా అంత శ్రద్ధ పెట్టాలి. లాటిన్ సాహిత్యాన్ని జర్మన్, ఇంగ్లిష్ అనువాదాలతో ఇవ్వడం మాత్రం చాలా ఉపయోగపడింది.

రెండో సగానికి ‘ఆవే వేరుమ్ కోర్పుస్’తో తెర తీయడం చక్కని నిర్ణయం. 1791 జూన్ 17న బాడెన్‌లో, అక్కడి చర్చి గాయక బృందానికి నాయకుడైన ఆంటోన్ ష్టోల్ కోసం మోజార్ట్ రాసిన 46 బార్ల (మన తాళ ఆవర్తాల వంటి చిన్న కొలతలు) రచన ఇది. చిన్న ఊరి చర్చి గాయకులు పాడగలిగేంత సులభంగా ఉంటుంది. వినేటప్పుడు మాత్రం దానిలోని స్వరసంచారం ఎంత నేర్పుగా ఒక శ్రుతి నుంచి మరో శ్రుతికి తీసుకువెళ్లి మళ్లీ ఇంటికి చేరుస్తుందో గ్రహించడానికి ఒకసారి వింటే చాలదు. గొంతు పెంచకుండా పాడమని రచయితే సూచించాడు. గాయక బృందం ఆ సూచనను అక్షరాలా పాటించింది. చప్పట్లు కొట్టడానికి వ్యవధి ఇవ్వకుండా, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ నేరుగా రెక్వియెమ్ మొదటి స్వరాలకు సైగ చేశారు. డి మేజర్ వెలుతురు నుంచి డి మైనర్‌లోకి ఆ ఒక్క అడుగు ఎంతో విలువైనది. అది లేకపోతే ఈ రెండు రచనల మధ్య బంధుత్వం ఎవరికీ తట్టదు.

రెక్వియెమ్ మొదట పలికేవి బాసెట్ హార్న్లూ బసూన్లూ. ఈ రచనలోనూ ఓబోలు లేవు, ఫ్లూట్లు, ఫ్రెంచ్ హార్న్లు కూడా లేవు. రెండు బాసెట్ హార్న్లు, రెండు బసూన్లు, ట్రంపెట్లు, మూడు ట్రోంబోన్లు, డ్రమ్ములు, ఆర్గన్, తంత్రీవాద్యాలు మాత్రమే ఉన్నాయి. మొదటి సగంలో విటెల్లియా పక్కన నిలిచిన నాదం ఇప్పుడు గుంపులో ఒకటిగా, ముఖం లేకుండా వినిపించినప్పుడు, కార్యక్రమం కూర్చినవారి ఉద్దేశం పూర్తిగా నెరవేరింది. ఆ తరువాత వచ్చిన కీరియే ప్రార్థనలోని, రెండు స్వరవాక్యాలను గొంతులు ఒకదాని వెనుక ఒకటి అందుకునే జంట ఫ్యూగ్‌ను గాయక బృందం మంచి వేగంతో, ప్రతి ప్రవేశమూ విడిగా తెలిసేలా పాడింది. దీని మొదటి స్వరవాక్యం పూర్వపు స్వరకర్త హెండెల్ నుంచి వచ్చినదే. అంతకు రెండేళ్ల ముందు మోజార్ట్ హెండెల్ ‘మెసయ్య’కు కొత్తగా వాద్యభాగాలు సమకూర్చాడు. కాబట్టి పాత గురువుల పనితనం ఆయన చేతివేళ్లలో అప్పటికి తాజాగా ఉంది. మరణశయ్య మీది మనిషి కలవరింత కాదిది, చదువుకున్నవాడు చదువును పనిలో పెట్టిన ఫలితం. సుమారు 40 మంది గాయకులే ఉండటం వల్ల ఆ పనితనం స్పష్టంగా తెలిసింది. వంద మంది పాడితే దద్దరిల్లేది కాని, ఇంత విడివిడిగా వినిపించేది కాదు.

తరువాతి భాగమైన ‘డియెస్ ఇరే’లో తంత్రీవాద్యాల వణుకు, డ్రమ్ముల ఉరుము కలిసి హాలు నిండిపోయింది. ‘ట్యూబా మిరుమ్’ ట్రోంబోన్ ఏకవాద్యంతో మొదలవుతుంది. వాయించినవారు దానిని తుది తీర్పు బాకాగా గర్జింపజేయకుండా, పాటలా సాగనిచ్చారు. బాస్ గాయకుడి గొంతు ఆయనకు దీటుగా నిలిచింది. టెనర్ (పై స్థాయిలో పాడే పురుషుడు) గొంతు మాత్రం ఆ హాలుకు చాలలేదు. నలుగురూ కలిసి పాడే చోట ఆయన భాగం చాలాసార్లు ఊహించుకోవలసి వచ్చింది. ‘రికార్డారే’లో ఆ లోటు మరీ తెలిసింది. రెక్వియెమ్ అంతటిలో నాకు అత్యంత ప్రియమైన భాగం అదే. నలుగురి గొంతులు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసి నడిచే ఆ అల్లికలో ఒక పోగు పలచబడితే నేత మొత్తం తేలిపోతుంది. ‘కన్ఫుటాటిస్’ చివర, పురుషుల కోపమూ స్త్రీల వేడుకోలూ అయిపోయాక, అందరూ కలిసి మెట్టు మెట్టుగా కిందికి దిగే ప్రార్థన దగ్గర మళ్లీ గాయక బృందం తన శక్తిని చూపింది. ప్రతి మెట్టు దగ్గరా శ్రుతి మారుతుంది. ఒక్క గొంతు జారినా మొత్తం కూలుతుంది. ఎవరూ జారలేదు.

నాకు కోపం తెప్పించిన ఘట్టం దాని తరువాతే వచ్చింది. ‘లాక్రిమోసా’లో మోజార్ట్ చేతిరాత 8 బార్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడిదాకా పాడించి, కండక్టర్ చేతులు దించారు. దీపాలు ఆరిపోయాయి. నిమిషం దాకా చీకటి, నిశ్శబ్దం. తరువాత దీపాలు వెలిగి, అదే భాగాన్ని మొదటి నుంచి పూర్తిగా పాడారు. సభికులు కొందరు కన్నీరు పెట్టుకున్నారు. వారి కన్నీటిని నేను తప్పుపట్టను. కానీ ఈ ఏర్పాటు సత్యానికి దూరం. రెక్వియెమ్‌లో మోజార్ట్ రాసిన ఆఖరి స్వరాలు ఇవేనని చెప్పడానికి వీలు లేదు. ‘డోమినే యేసు’, ‘హోస్టియాస్’ భాగాలు వరసలో దీని తరువాత వస్తాయి. వాటిలోని గాత్ర భాగాలూ బాస్ వరసా ఆయన చేతిరాతలోనే ఉన్నాయి. పైగా ఆయన మంచం పట్టింది నవంబరు 20 ప్రాంతంలో. అంతకు కొద్ది రోజుల ముందే, 15వ తేదీన, ఫ్రీమేసన్ల సోదరసంఘం కోసం ఒక చిన్న కాంటాటాను (గాయకులకూ వాద్యాలకూ కూర్చిన గాత్ర రచన) పూర్తిచేసి తన రచనల పట్టికలో రాసుకున్నాడు. ఆయన పూర్తిచేసిన చివరి రచన ఆ సంతోషగీతం. కలం చేతిలోంచి జారిపోయిన ఒకానొక క్షణాన్ని దీపాలతో నాటకంగా మార్చడం, మొదటి సగమంతా కష్టపడి కట్టినదానిని ఒక్క నిమిషంలో కూలగొట్టడమే. ఆ 8 బార్లలో తంత్రీవాద్యాల నిట్టూర్పుల మీదుగా గొంతులు మెట్లెక్కుతూ పోయే తీరుకు ఏ వెలుతురు సాయమూ అవసరం లేదు.

మిగతాది ఫ్రాంజ్ క్సావర్ జ్యుస్‌మయర్ పూర్తిచేసిన రూపంలోనే పాడారు. కోన్‌స్టాంజె ముందుగా ఈ పనిని యోజెఫ్ ఐబ్లర్‌కు అప్పగిస్తే, ఆయన కొంత వాద్యభాగం రాసి విరమించుకున్నాడు. చివరికి జ్యుస్‌మయర్ చేతుల్లోకి వచ్చింది. ‘శాంక్టుస్’, ‘బెనెడిక్టుస్’, ‘ఆగ్నుస్ డేయి’ తన సొంత రచనలని ఆయన చెప్పుకున్నాడు. ఆయన లోపాలను సరిదిద్దుతూ ఫ్రాంజ్ బేయర్, రాబర్ట్ లెవిన్ వంటి పండితులు ఇరవయ్యో శతాబ్దంలో కొత్త రూపాలు తయారుచేశారు. బెర్లిన్‌లో దొరికిన ఒక చిత్తుప్రతి ఆధారంగా కొందరు ‘లాక్రిమోసా’ చివర ‘ఆమెన్’ ఫ్యూగ్‌ను కూడా చేరుస్తున్నారు. ఈ కచేరీ పాత రూపాన్నే ఎంచుకోవడం నాకు నచ్చింది. ‘శాంక్టుస్’ బరువుగా నడుస్తుంది, ‘ఓసాన్నా’ ఫ్యూగ్ మొదలైనంతలోనే ముగిసిపోతుంది, ఇవన్నీ నిజమే. కానీ జ్యుస్‌మయర్ మోజార్ట్ పక్కనే పనిచేసినవాడు, ఆయనతో పాటు ప్రాగ్‌కు కూడా వెళ్లినవాడు. అప్పులతో మిగిలిన ఒక వితంతువుకు రావలసిన డబ్బు రావాలంటే ఎవరో ఒకరు దీనిని ముగించాలి, అతను ముగించాడు. ‘ఆగ్నుస్ డేయి’లో తంత్రీవాద్యాలు ఎడతెగకుండా తిరిగే వరస మీద గాయకులు మూడుసార్లు శాంతిని వేడుకునే చోట, ఇది కేవలం శిష్యుడి పనేనా అన్న అనుమానం ఆ రోజు కూడా కలిగింది.

చివరి ‘కమ్యూనియో’లో మొదటి ప్రార్థన సంగీతమూ కీరియే ఫ్యూగూ కొత్త మాటలతో తిరిగి వస్తాయి. కండక్టర్ ఫ్యూగ్‌ను మొదటిసారి కంటే కొద్దిగా నెమ్మదిగా, ఎక్కువ బరువుతో నడిపించారు. గాయకులు అప్పటికి అలసిపోయి ఉండాలి. అయినా సొప్రానోల పై స్వరాలు చెదరలేదు. మూడవ స్వరం లేకుండా బోలుగా మిగిలే చివరి స్వరసమూహాన్ని ఆయన కావలసినంత సేపు మాత్రమే నిలిపి ఆపేశారు.

ఇంత విడివిడిగా వినిపించడంలో హాలుకు కూడా భాగం ఉంది. తేయోఫీల్ హాన్సెన్ నిర్మించిన ఈ భవనం 1870 జనవరి 6న తెరుచుకుంది. గోల్డెన్ హాల్ పొడవు సుమారు 49 మీటర్లు, వెడల్పు 19, ఎత్తు 18 మీటర్లకు కొంచెం తక్కువ. చెప్పుల పెట్టె ఆకారంలో ఉన్న ఈ సన్నని గది పక్కగోడల నుంచి నాదాన్ని త్వరగా తిప్పి చెవికి అందిస్తుంది. జనం నిండి ఉన్నప్పుడు నాదం రెండు సెకన్ల పాటు నిలుస్తుంది. మైకు లేని సంగీతాన్ని పెద్ద సభలో వినే అలవాటు తప్పిపోయిన మనకు, అడాజియోలో అంత చిన్న నాదం చివరి వరస దాకా రావడం ఆశ్చర్యం కలిగిస్తుంది. మన సభల నిర్వాహకులు ఎవరైనా వియన్నా వస్తే ఈ హాలులో ఒక గంట కూర్చోవాలని నా కోరిక.

వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. ఈ హాలులో కూర్చోవడానికి సుమారు 1,700 స్థానాలు, వెనుకవైపు నిలబడి వినడానికి 300 మందికి చోటు ఉన్నాయి. నిలబడే టికెట్లు చాలా చవక. ఇక్కడ చదువుకుంటున్న మన విద్యార్థులకు అదే మంచి దారి. అయితే ఈ కచేరీ నిడివి విరామంతో కలిపి రెండున్నర గంటలకు దగ్గరగా ఉంది, దానికి సిద్ధపడి వెళ్లాలి. పక్క బాల్కనీల్లో వెనుక వరసలు కొంటే సంగీతం బాగానే వినిపిస్తుంది కాని వేదిక సరిగా కనిపించదు. వాద్యకారుల చేతులు చూడాలనుకునే మనవాళ్లకు అవి నచ్చవు. చలికోట్లు బయటే అప్పగించాలి కనుక కొంచెం ముందుగా చేరుకోవడం మేలు. ష్టెఫాన్స్‌ప్లాట్జ్ దగ్గర పాతకాలపు విగ్గులు, దుస్తులు ధరించి పర్యాటకులకు మోజార్ట్ కచేరీ టికెట్లు అమ్మేవారు కనిపిస్తారు. వాటిలో ఎక్కువ భాగం ప్రసిద్ధమైన తునకల కూర్పులు. సరదాగా ఒక సాయంత్రం గడపడానికి సరిపోవచ్చు. ఒక రచనను మొదటి నుంచి చివరి దాకా వినాలనుకునేవారు వాటికి బదులు ఇలాంటి కచేరీని వెతుక్కోవాలి.

టైటాన్ గడియారాల ప్రకటన ద్వారా మోజార్ట్ 25వ సింఫనీని తెలియకుండానే చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన తరం మనది. అది ఆయన పదిహేడేళ్ల వయసులో రాసినది. అక్కడ మొదలైన పరిచయాన్ని ముందుకు తీసుకువెళ్లాలనుకునేవారు వచ్చే ముందు క్లారినెట్ కన్చెర్టోను ఒకసారి మామూలు వాద్యంతోనూ ఒకసారి బాసెట్ క్లారినెట్‌తోనూ విని రావాలని చెబుతాను. క్లారినెట్ విద్వాంసురాలు జబీనె మేయర్ బాసెట్ క్లారినెట్‌తో చేసిన రికార్డింగు తేలికగా దొరుకుతుంది. ఇదే కార్యక్రమాన్ని ఇదే ఆర్కెస్ట్రా మళ్లీ చేసేటప్పుడు ‘లాక్రిమోసా’ దగ్గర దీపాలను వాటి మానాన వదిలేసి, టెనర్ స్థానంలో మరింత నిండైన గొంతును తీసుకొని, కార్యక్రమ పుస్తకాన్ని కొత్తగా రాయిస్తే, నేను కన్చెర్టో కోసం మరోసారి, ‘రికార్డారే’ కోసం ఇంకోసారి టికెట్ కొంటాను.